సంఘమంతా ఆమేన్ అంది

ఆలూరు బస్టాండులో దిగి, మంచినీళ్ళ సీసా కొనుక్కుని వెనక్కి తిరిగేసరికి మహిమ ట్రంకుపెట్టె మీద ఎవరో కాలుమీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏం బ్రదర్, కూర్చోడానికి ఇంకేమీ దొరకలేదా? దాంట్లో పిల్లల బొమ్మలున్నాయి," అంది మహిమ.

అతను లేవలేదు. "నేను లేస్తే ఇంకొకరు ఎత్తుకపోతారు. పెట్టె ఈడ ఇడిసిపెట్టి నీళ్ళకు పోయినోళ్ళు మీరేనా?"

"మీరెవరు?"

"గాబ్రియేలు. ఎర్రదిన్నె సంఘపెద్ద జోసెఫ్ కొడుకుని. మిమ్మల్ని పిల్సకరమ్మని పాస్టరయ్య పంపించినాడు. ఆటో అదో, ఆ నీడలో ఉండాది."

అప్పుడు లేచాడు. పెట్టెను భుజం మీద పెట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచాడు. మహిమ స్నేహితురాలు శిల్ప మూతి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ ఉంది.

వేసవి సెలవుల్లో పల్లె పిల్లలను పోగుచేసి పాటలు, కథలు, ఆటలు నేర్పే బడిని చర్చివాళ్ళు వీబీఎస్ అంటారు. పది రోజులు నడుస్తుంది. కర్నూలు పక్కన కల్లూరు సంఘంవాళ్ళు ఆ ఏడు ఎర్రదిన్నెకు ఇద్దరు ఆడపిల్లలను పంపారు. పాటలకు శిల్ప, కథలకు మహిమ. మహిమ బి.ఎడ్. ముగించి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్ల. పల్లెలో పది రోజులుండడం ఆమెకు అదే మొదలు.

ఆటో కదిలాక గాబ్రియేలు అడిగాడు. "ఫొటోలు యా దినం తీస్తారు?"

"ఎందుకు బ్రదర్?"

"ఆ దినం పిల్లోల్లకు నూనె పెట్టి తలలు దువ్వి పంపిస్తాం. పోయినేడు వచ్చినోళ్ళు రెండో దినమే తీసేసినారు. దువ్వెన యాడుండాదో ఎతుక్కునేలోపల అయిపాయ."

మహిమకు చురుక్కుమంది. తలెత్తి చూస్తే ఆటో అద్దంలో అతని కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"ముందు రోడ్డు చూడండి బ్రదర్."

"రోడ్డుంటే గదా సూసేది," అన్నాడు గాబ్రియేలు. ఆ మాటకు సాక్ష్యంగా ఆటో ఒక గుంతలో పడి లేచింది. శిల్ప ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

ఎర్రదిన్నె చర్చికి రేకుల కప్పు. తొమ్మిది దాటితే లోపల పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది కాబట్టి ఏడు గంటలకే బడి మొదలుపెట్టేవారు. చర్చివాళ్ళ పిల్లలే కాదు, ఊళ్ళో పిల్లలంతా వచ్చేవాళ్ళు. వాళ్ళతోబాటు చంకలో తమ్ముళ్ళు, వెనకాల ఒక మేకపిల్ల. గాబ్రియేలు రోజూ పొద్దున ఆటోలో నీళ్ళ డ్రమ్ము తెచ్చి కిటికీ పక్కన దింపేవాడు. దింపిన మనిషి వెంటనే పోడు. కిటికీ ఊచ పట్టుకుని కాసేపు నిలబడతాడు. డ్రమ్ముకు కాపలా కాస్తున్నానంటాడు.

మూడోరోజు మహిమ తప్పిపోయిన గొర్రె కథ చెప్పింది. బొమ్మలు ఒక్కొక్కటే గుడ్డమీద అంటిస్తూ, గొంతు మార్చి చెప్పింది. మంద మొత్తాన్నీ విడిచిపెట్టి, తప్పిపోయిన ఆ ఒక్కదాని కోసం కాపరి కొండలూ గుట్టలూ వెతుక్కుంటూ పోయాడని చెప్పేసరికి, వెనక వరసలోనుంచి చిన్న ఈరన్న చెయ్యెత్తాడు. వాడిది గొర్రెల ఇల్లు.

"టీచర్, తక్కినవాటిని ఎవురికి అప్పజెప్పి పాయ?"

"అక్కడే... అడవిలో వదిలి పోయాడు."

"అట్లే ఇడిసిపెడితే ఎవురి సేన్లోనో పడి మేస్తాయి గదా. మా తాతయితే తోలు తీస్తాడు."

"తోడేలొస్తే?" అన్నారు ఇంకొకరు. ఇక చర్చి రెండు పక్షాలైంది. పోవాలని కొందరు, ఆ ఒక్కటి పోతే పోనీ అని కొందరు. మహిమ చేతిలోని గొర్రె బొమ్మను అటూ ఇటూ తిప్పింది. బి.ఎడ్.లో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

కిటికీలోనుంచి గాబ్రియేలు గొంతు వచ్చింది. "ఇంకో కాపరి ఉంటాడులే ఈరన్నా. మందకాడ కూసున్నోని పేరు కతలో రాయరు, అంతే."

పిల్లలు ఒప్పుకున్నారు. మహిమ మాత్రం బడి వదిలాక డ్రమ్ము దగ్గరికి పోయి నిలదీసింది.

"కథలో లేని మనిషిని మీరెందుకు పెట్టారు బ్రదర్?"

"కతలో ల్యాకపోతేనేం, మందకాడ ఉండల్ల గదా సిస్టర్."

"మీరు రోజూ కిటికీ దగ్గర నిలబడి వింటున్నారా?"

"రేకులకింద అంత గట్టిగా సెప్తాంటే ఇనకుండా ఎట్ల ఉండేది? గొర్రె అరిసినట్ల అరిసినారు సూడు, అది మాత్రం బాగుండాది. మా గొర్రెలు రెండు తిరిగి సూసినాయి."

మహిమ కోపంగా వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేశాక నవ్వు వచ్చింది. ఆ నవ్వు అతనికి కనబడకూడదని ఇంకా బిరబిరా నడిచింది.

సాయంత్రాలు వాళ్ళకు పనిలేదు. ఒక సాయంత్రం చర్చి వైపు నడుస్తుంటే లోపలినుంచి పిల్లలు గుణింతాలు చదువుతున్న చప్పుడు వినబడింది. తొంగి చూస్తే గాబ్రియేలు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ పిల్లలు. నాగశ్రీ అనే ఎనిమిదేళ్ళ పిల్ల పలకమీద దిద్దుతోంది. 'గ' దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"పోయినేడు గూడా ఈడికే ఆగిపాయ," అన్నాడు గాబ్రియేలు, ఎవరితోనూ కాదన్నట్టు.

ఆ వైపు ఊళ్ళలో చలికాలం రాగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. దాన్ని వాళ్ళు సుగ్గి అంటారు. పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చేసరికి బడి ముగింపుకొస్తుంది, నేర్చుకున్నది మరుపుకొస్తుంది. నాగశ్రీ పుట్టినప్పటినుంచి ఏ ఏడూ సుగ్గి తప్పలేదు.

"మీరు పోరా సుగ్గికి?" అని అడిగింది మహిమ.

"ఆటో ఉండాది, మూడెకరాల సేనుండాది. నేను పోతే ఈళ్ళను ఎవురు సూస్తారు? అవ్వల దగ్గర కొంతమందిని ఇడిసిపెట్టి పోతారు."

ఆ రోజునుంచి సాయంత్రాలు మహిమ కూడా ఒక పలక తీసుకుని కూర్చుంది. శిల్ప రెండురోజులు వచ్చి, మూడోరోజు తలనొప్పి అంది. నాలుగోరోజు తలనొప్పి లేకపోయినా రాలేదు. వాళ్ళిద్దరి మధ్యా తాను ఎక్కువని ఆమెకు అప్పటికే అర్థమైంది.

ఒకసారి పిల్లలు వెళ్ళిపోయాక గాబ్రియేలు అడక్కుండానే చెప్పాడు. "పోయినేడు వచ్చినోళ్ళు క్రిస్మస్‌కు వస్తామన్నారు. కేకు తెస్తామన్నారు. సుగ్గికి పోకుండా మిగిలిన పిల్లోల్లంతా కొత్తగుడ్డలు ఏసుకొని రోడ్డుమింద నిలబడిరి. పొద్దు మునిగేదాంక నిలబడిరి."

"వాళ్ళకేం పని పడిందో."

"పడింటాది. సెడ్డోళ్ళేం కాదు సిస్టర్. బస్సెక్కినాక ఊరు గుర్తుండదు. అంతే."

మహిమ పలకలు పోగుచేసింది. తాను మళ్ళీ వస్తానని ఎవరికీ చెప్పకూడదని ఆ క్షణమే అనుకుంది. చెప్పి రాకపోవడంకంటే చెప్పకపోవడం నయమని ఆమె లెక్క.

బడిలో తర్వాతి పాఠం ప్రార్థన. నోరు తిరగని పెద్దపెద్ద మాటలు అక్కర్లేదని మహిమ చెప్పింది. "ఏం కావాలో పేరు పెట్టి అడగండి. దేవుడి దగ్గర సిగ్గెందుకు?" పిల్లలు ఆ మాట బాగా పట్టుకున్నారు. ఒకడు మేకపిల్ల కుంటికాలు గురించి అడిగాడు. ఒకతె తన బలపం ఎత్తుకుపోయినవాడి పేరు చెప్పి, వాడికి ఏం జరగాలో కూడా వివరంగా చెప్పింది. నాగశ్రీ ఆ రోజు ఏమీ అడగలేదు. ఆలోచిస్తూ కూర్చుంది.

ముగింపురోజు సాయంత్రం చర్చి ముందర పందిరి వేశారు. మైకు పెట్టారు. ఊరంతా వచ్చింది. గాబ్రియేలు ఆంప్లిఫయరు పక్కన కూర్చుని మీటలు తిప్పుతున్నాడు. పిల్లలు పాటలు పాడారు, వేషాలు వేశారు. చిన్న ఈరన్న కాపరి వేషంలో మందను వదిలి ఒక్క అడుగు కూడా కదలనన్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

చివర్లో పాస్టరయ్య, "ముగింపు ప్రార్థన పిల్లల్లో ఒకరు చేస్తారు," అన్నాడు. నాగశ్రీ ముందుకు వచ్చింది. మైకు అందదని మహిమ ఆ పిల్ల పక్కన మోకాళ్ళమీద కూర్చుని మైకును ఇద్దరి మధ్యా పట్టుకుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"యేసయ్యా," అని మొదలుపెట్టింది నాగశ్రీ. "మా టీచర్లు రేపు పోతాండారు. శిల్ప టీచర్ పోతే పోనీ. మహిమ టీచర్ పోగూడదు. గాబ్రియేలన్నకు పెండ్లి కాల్యా. మహిమ టీచర్‌కు గూడా కాల్యా, నేనడిగినా. ఇద్దరికీ పెండ్లి సేసి టీచర్‌ను ఈడనే పెట్టు. గాబ్రియేలన్న సుగ్గికి పోడు. అప్పుడు టీచర్ గూడా యాడికీ పోదు. మేం పోయొచ్చేసరికి ఇద్దరూ ఉంటారు. ఆమేన్."

"ఆమేన్," అంది సంఘమంతా.

చర్చిలో పెరిగినవాళ్ళకు అదొక అలవాటు. ప్రార్థన ముగిసిందంటే చాలు, లోపల ఏముందో చెవికి ఎక్కకముందే నోరు తనంతట తానే ఆ మాట అనేస్తుంది. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచి అంటున్న మాట. మహిమ కూడా అంది. చేతిలో మైకు ఉండబట్టి ఆమె ఆమేన్ అందరికంటే గట్టిగా, పందిరి దాటి, దిన్నె దాటి, పొలాలదాకా వినబడింది.

అప్పుడు అందరూ కళ్ళు తెరిచారు. ఎవరికి ఎప్పుడు అర్థమైందో వాళ్ళ ముఖాల్లో కనబడింది. ముందు ఆడవాళ్ళ వైపు ఒక నవ్వు, తర్వాత మగవాళ్ళ వైపు ఒక దగ్గు. మహిమ ముఖం కాలింది. మైకును పామును వదిలినట్టు కింద పెట్టేసింది.

సంఘపెద్ద జోసెఫ్ లేచి కండువా సర్దుకున్నాడు. "పాస్టరయ్యా, సంఘమంతా ఆమేన్ అన్యాది. నేను గూడా అన్యా. మావోడు గూడా అన్నాడు, నేనిన్యా. ఆ పాప గూడా అన్యాది, ఊరంతా ఇన్యాది. ఇప్పుడేం జెయ్యల్ల?"

"అన్నం వడ్డించండి," అన్నాడు పాస్టరయ్య.

తెల్లవారి గాబ్రియేలు ఆటోలోనే మహిమ, శిల్ప బయల్దేరారు. పదిరోజులుగా ఊపిరి పీల్చినంత సులువుగా వచ్చిన 'బ్రదర్' అనే పిలుపు ఇప్పుడు మహిమ నోటికి రాలేదు. నిన్న ఆమేన్ అని ఇవాళ బ్రదర్ అనడమెలా? అతనూ సిస్టర్ అనలేదు. ఏమని పిలవాలో తెలియక ఇద్దరూ రోడ్డు మీద గుంతల వైపే చూశారు.

పిల్లలు ఊరి చివరిదాకా ఆటో వెంట పరిగెత్తి వచ్చారు. "మల్లా వస్తావా టీచర్?" అని నాగశ్రీ అడిగింది. మహిమ వంగి చెప్పుల పట్టీ సర్దుకుంది. సర్దడం అయిపోయినా తల ఎత్తలేదు.

బస్టాండులో పెట్టె బస్సులో పెట్టి గాబ్రియేలు కిందికి దిగాడు. "మంచి పని సేసినారు," అన్నాడు. "వస్తానని సెప్పల్యా. అబద్ధం సెప్పకుండా పోతాండేది మీరొక్కరే."

మెచ్చుకున్నట్టే ఉంది. చెంపమీద కొట్టినట్టూ ఉంది. మహిమ నోరు తెరిచేలోపల బళ్ళారినుంచి వచ్చిన ఆ బస్సు కర్నూలు వైపు కదిలింది.

కల్లూరులో మహిమ వాళ్ళమ్మ జీవరత్నమ్మది ఇడ్లీ బండి. రాత్రి పిండి రుబ్బడం, పొద్దున బండి దగ్గర పొట్లాలు కట్టడం మహిమ పని. వచ్చిన వారంలోనే పిండిలో రెండుసార్లు ఉప్పు వేసింది. షేరాటో డ్రైవర్లు ఇడ్లీ నోట్లో పెట్టుకుని జీవరత్నమ్మ ముఖం చూశారు.

"ఏమైందే నీకు?" అంది తల్లి.

"ఏం లేదమ్మా. ఎండదెబ్బ."

"ఎండదెబ్బకు ఉప్పు నీళ్ళు తాగాలి. గిరాకీవాళ్ళకు తాగించడం కాదు."

గాబ్రియేలుకు మహిమ రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. మూడోసారి చేయడానికి ఆత్మాభిమానం అడ్డొచ్చింది. నిజానికి ఆమె మనసులో నలుగుతున్నది వేరే. ఎర్రదిన్నెకు మళ్ళీ పోవాలని ఉంది. నాగశ్రీ 'గ' దాటిందో లేదో చూడాలని ఉంది. కానీ ఊరంతా ఆమేన్ అన్నాక, ఆ ఊళ్ళో కాలు పెడితే దానికి ఒక్కటే అర్థం. గాబ్రియేలు కోసం వచ్చిందంటారు. పోకపోతే తానూ పోయినేడు వచ్చిపోయినవాళ్ళలో ఒకతె. పోతే, అతను అలవాటుకొద్దీ ఆమేన్ అన్నవాడే అయితే, ఆ మూడెకరాల చేనిలో తలదాచుకోడానికి చోటు ఉండదు.

ఆదివారం ఆరాధనలో కల్లూరు పాస్టరు ఆమెను సాక్ష్యం చెప్పమన్నాడు. ఎక్కడికైనా పరిచర్యకు పోయొచ్చినవాళ్ళు నిలబడి, దేవుడు తమను ఎలా వాడుకున్నాడో చెప్పడం ఆనవాయితీ. శిల్ప ముందు చెప్పింది, ఎంతమంది పిల్లలు వచ్చారో, ఎన్ని పాటలు నేర్చుకున్నారో. తర్వాత మహిమ లేచింది.

"అందరికీ వందనాలు," అంది. ముందురోజు మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "పది రోజులు పిల్లలకు కథలు చెప్పాను. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగొచ్చేశాను. వాళ్ళకు నేనేం ఇచ్చానో నాకు తెలియదు. నేనైతే అక్కడ ఏదో వదిలేసి వచ్చినట్టుంది. ఒక పాప మళ్ళీ వస్తావా అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం మంచితనం అనుకున్నాను. అది భయం. నా కోసం ప్రార్థన చేయండి."

కూర్చుంది. పాస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. శిల్ప మాత్రం పక్కనున్న జీవరత్నమ్మ చెవిలో ఏదో ఊదడం మొదలుపెట్టింది. ఆరాధన అయిపోయేసరికి మైకు సంగతి మొత్తం జీవరత్నమ్మకు ఎక్కింది.

ఇంటికి వచ్చాక తల్లి చీర కొంగు బిగించి ఎదురుగా కూర్చుంది. "పిల్లోడు ఎట్లుంటాడు?"

"ఏ పిల్లోడమ్మా?"

"పిండిలో ఉప్పేసిన పిల్లోడు."

మహిమ తలదించుకుంది. "పొగరు. అన్నిటికీ ఎదురు మాట. రోడ్డు చూడమంటే రోడ్డేదీ అంటాడు."

"పనేం చేస్తాడు?"

"ఆటో ఉంది. చేను ఉంది. సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్తాడు. ఎవరూ చెప్పమనలేదు."

"తాగుతాడా?"

"అమ్మా."

"అడగాల్సినవి నేను అడగాలి గదా. మీ నాయన లేకపోయె." జీవరత్నమ్మ పిండి గిన్నె మీద మూత సర్దింది. "నీళ్ళు లేని ఊరంట. కర్నూల్లో ఉద్యోగం ఉన్నోడికి ఇయ్యాలనుకున్నా. సరే. శనివారం బండి పెట్టను. ఇద్దరం పోదాం. నిన్నొక్కదాన్నే పంపిస్తే ఊరోళ్ళు ఒక మాట అంటారు. నేనొస్తే ఏమన్నా నా ముఖాన్నే అనాలి."

"అతనికి ఇష్టమో కాదో తెలియదమ్మా."

"తెలుసుకోడానికే గదా బస్సు చార్జీ."

శనివారానికి ముందురోజు వాన పడింది. ఆ ఏటికి మొదటి మంచి వాన. కోడుమూరు దాటాక బస్సు కిటికీలోనుంచి చూస్తే నేలంతా కొత్తగా అలికిన ఇల్లులా ఉంది. పొలాల్లో ఎక్కడ చూసినా మనుషులే. ఆలూరులో దిగి ఆటో ఎక్కి ఎర్రదిన్నె చేరేసరికి ఊళ్ళో ఒక్క పురుగు లేదు. చర్చి తలుపు మూసి ఉంది. అరుగుమీద ఒక ముసలవ్వ మాత్రం కూర్చుని ఉంది.

"పదునైంది గదమ్మా," అంది అవ్వ. "శెనక్కాయ ఇత్తుతాండారు. జోసెఫ్ సేను ఆ దిన్నెకింద."

వానపడ్డాక నేల విత్తనానికి సరిగ్గా తగినంత తడిగా ఉండే సమయాన్ని పదును అంటారు. అది రెండు మూడు రోజులే. ఆ రోజుల్లో ఎవరూ ఎవరికోసమూ ఆగరు. పెళ్ళిచూపులకు వచ్చినా ఆగరు.

చేనిలోకి దిగిన మహిమ చెప్పులకు తలా ఒక కిలో ఎర్రమన్ను అంటుకుంది. వాటిని చేతిలో పట్టుకుని గట్టుమీద నిలబడింది. గాబ్రియేలు ఎద్దుల పక్కన ముందు నడుస్తున్నాడు. వెనకాల విత్తనపు గొర్రు. గొర్రు మీద చెక్కగిన్నెలాంటి జడ్డిగంలో గాబ్రియేలు తల్లి ఎస్తేరమ్మ ఒడిలోనుంచి గింజలు తీసి వేస్తూ నడుస్తోంది. ఆ గింజలు గొట్టాలగుండా నేలలోకి దిగుతున్నాయి. చేను అవతలి చివర పిల్లలు పిట్టలను తోలుతున్నారు.

నాగశ్రీ చూసింది ముందు. "టీచరూ," అని ఒక కేక పెట్టింది. గాబ్రియేలు తల తిప్పాడు. అడుగు తడబడింది. ఎద్దులు తడబడలేదు కాబట్టి అతనూ నడవాల్సి వచ్చింది.

ఎస్తేరమ్మ గట్టు దగ్గరికి వచ్చి నడుం పట్టుకుంది. మహిమను చూసింది, జీవరత్నమ్మను చూసింది. ఎవరో ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

"వదినా, మంచి ఎండలో వస్తిరే," అంది జీవరత్నమ్మతో. "నా నడుం ఇరిగిపోతాంది. ఏం పాపా, గింజలేస్తావా?"

"నాకు రాదత్తా," అంది మహిమ. ఆ పిలుపు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. జీవరత్నమ్మ చూపు చటుక్కున కూతురి మీద పడింది.

"రానిదేముండాది. గొర్రు ఎమ్మటి నడుస్తా, పిడికిట్లోనుంచి సన్నగా ఇడస్తా పోవల్ల. సందు ఇడవగూడదు." ఎస్తేరమ్మ తన కొంగులోని గింజలు మహిమ చున్నీలో పోసి నడుముకు ముడివేసింది.

ఎద్దులు కదిలాయి. గాబ్రియేలు ముందర, మహిమ వెనకాల. మొదటి సాలు మాట లేకుండా పోయింది. రెండో సాలు కూడా. మూడో సాలు మొదట్లో గాబ్రియేలు తల తిప్పకుండానే అన్నాడు.

"పిల్లోల్లను సూడను వస్తిరా?"

"పిల్లలను చూడ్డానికే. నా ఫోను ఎత్తని వాళ్ళను చూడ్డానికి ఎవరొస్తారు?"

"ఎత్తితే పిల్లోల్లు సుట్టూ మూగుతారు. టీచర్ వస్తాదా అని అడుగుతారు. నేనేం సెప్పల్ల?"

"పిల్లలేనా అడిగేది?"

ఎద్దుల మెడల్లో గంటలు మోగాయి. గాబ్రియేలు ఇటు తిరిగే వీలు లేదు, ముందు చూడకపోతే సాలు వంకరపోతుంది. అతని ముఖం ఆమెకు కనబడదు, ఆమె ముఖం అతనికి కనబడదు. అందుకే కాబోలు, కిటికీ ఊచ పట్టుకుని అన్ని రోజులు నిలబడినా రాని మాట ఇప్పుడు వచ్చింది.

"ఆ దినం నేను గూడా ఆమేన్ అన్యా."

"తెలుసు. అలవాటుకొద్దీ. నేనూ అంతే."

"మీరు అలవాటుకొద్దీ. నేను కండ్లు మూసుకోల్యా. శిల్ప టీచర్ పోతే పోనీ అన్నప్పుడే తెలిసిపాయ, ఆ పిల్ల యాడికి పోతాదో. మీట నా సేతికిందే ఉండాది. తిప్పితే మైకు ఆగిపోతాది. తిప్పల్యా." కాసేపు ఎద్దులను అదిలించాడు. "ఊరంతా ఇనల్లని తిప్పల్యా. మీరు కండ్లు తెరిసి సూసినప్పుడు, మీ మొగం సూసి, తప్పు సేసినా అనుకున్యా. బస్టాండులో ఆ మాట అందుకే అన్యా. పొమ్మని నేనే సెప్పినట్ల ఉంటే, మీరు పోతాంటే కొంచెం తక్కువ నొప్పి అనుకున్యా."

మహిమకు కాళ్ళకింద మన్ను మెత్తగా ఉందో గట్టిగా ఉందో తెలియలేదు. నడుస్తున్నదని మాత్రం తెలుసు.

సాలు చివరికి వచ్చింది. ఎద్దులు తిరిగాయి. వాటితోబాటు గాబ్రియేలూ తిరిగాడు. మొదటిసారి ఎదురెదురు పడ్డారు.

"ఏం సెప్పరా?" అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోపల వెనకనుంచి ఎస్తేరమ్మ గొంతు వినబడింది. ఆమె ఆ సాలు వెంబడే నడుచుకుంటూ వచ్చి, అక్కడక్కడా వేలితో మన్ను కదిపి చూస్తోంది.

"ఏం పాపా, ఈ సాల్లో గింజలేవి?"

మహిమ కిందికి చూసింది. ఈ సాలు మొదట్లో ఒడిలో ఎన్ని గింజలున్నాయో అన్నీ అట్లే ఉన్నాయి. పిడికిలి బిగించి ఉంది. లోపలి గింజలు చెమటకు తడిసి వెచ్చగా ఉన్నాయి. ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్కటి కూడా నేలలో పడలేదు.

అప్పటికే గట్టుమీదికి చేరిన జోసెఫ్ నవ్వాడు. పక్కన కూర్చున్న జీవరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా పిల్ల ఇంట్లో ఉప్పు రెండుసార్లేస్తుంది వదినా, ఇక్కడ అసలు వేయలేదు. సరిపోయింది," అంది.

"నవ్వు సాలించి తిప్పండప్పా, పదును పోతాంది," అన్నాడు జోసెఫ్. "ఆ సాలు మల్లా పోవల్ల."

గాబ్రియేలు చెవులు ఎర్రమన్ను రంగుకు వచ్చాయి. ఎద్దులను మళ్ళీ అదే సాలు మీదికి తిప్పాడు. మహిమ గొర్రు వెనక నిలబడింది. ఈసారి పిడికిలి వదులు చేసింది. గింజలు ఒక్కొక్కటే జడ్డిగంలో పడి లోపలికి జారాయి.

సగం సాలు నడిచాక ఆమె అంది. "నాగశ్రీ వాళ్ళమ్మతో మాట్లాడాలి. ఈసారి పాపను సుగ్గికి తీసుకుపోవద్దని. అవ్వ దగ్గర ఉంచితే చదువు నేను చూసుకుంటానని."

"సుగ్గికి పోయేది సలికాలంలో," అన్నాడు గాబ్రియేలు.

"తెలుసు."

"అప్పుడు మీరు ఈడ ఉంటారా?"

"లేకుండా పాపకు ఎట్లా చదువు చెప్తా గాబ్రియేలూ?"

ఎద్దులు ఆగిపోయాయి. అవి ఆగలేదు, అతను ఆపాడు. పదునులో, నడిసాల్లో, ఊళ్ళో ఏ రైతూ చేయని పని. గట్టుమీదనుంచి జోసెఫ్ ఏదో అరుస్తున్నాడు. గాబ్రియేలు సాలు వంకరపోతే పోనీ అన్నట్టు పూర్తిగా వెనక్కి తిరిగి నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

"నడవండి," అంది మహిమ, నవ్వు ఆపుకోకుండా. "నేను గింజలేస్తున్నా."